మడతలో మిగిలిన గుడ్డ

డ్రైక్లీనింగ్ షాపు వెనకగదిలో వేడి లేకుండా ఎలా ఉంటుంది? ఒక మూల బాయిలర్, దాని పక్కన ఆవిరి ఇస్త్రీ బల్ల, ఆ బల్లకు చేతికందే దూరంలో అక్క కుట్టుమిషను. ఆ గదిలో కాసేపు నిలబడి చెమట పట్టలేదన్న మనిషి ఇంకా పుట్టలేదు. అందుకే, ఉన్నట్టుండి ఒళ్ళంతా సెగలు కమ్మి, మొహం కందిపోయి, మెడ వెనక నుంచి చెమట కారి, ఆ తడి ఆరకముందే చలి పుట్టడం మొదలైనప్పుడు అక్క ఆ పాపమంతా బాయిలర్ నెత్తిన వేసి ఊరుకుంది. కళ్ళెదుట బుసలు కొట్టే నేరస్థుణ్ణి పెట్టుకుని ఇంకెక్కడో వెతుకుతారా ఎవరైనా?

ఆవిడ అసలు పేరుతో మనకు పనిలేదు. చెల్లెలు అక్కా అని పిలుస్తుంది. అది విని షాపుకొచ్చేవాళ్ళు, తనకంటే ఇరవయ్యేళ్ళు పెద్దవాళ్ళు కూడా, అక్కా అనే అంటారు. మనమూ అలాగే అందాం. వయసు ముప్పై అయిదు. పని, బట్టలు సరిచేయడం. కొత్తవి కుట్టదు. వదులైనవి బిగిస్తుంది, బిగుతైనవి వదులు చేస్తుంది, నేల ఊడ్చే ప్యాంట్లను మడమ దాకా తెస్తుంది. ఎప్పుడో కుట్టించుకున్న సూటు పొట్టకు పట్టక, "ఉతికితే కుంచించుకుపోయిందమ్మా" అని బొంకే పెద్దమనుషులకు "అవునండీ, ఈ గుడ్డ గుణమే అంత" అని పరువు నిలబెట్టడం కూడా ఆ పనిలో భాగమే.

ఈ పనిలో ఆవిడకొక పట్టింపు ఉంది. బిగించమంటే గుడ్డ కత్తిరించదు. ఎంత ఎక్కువున్నా లోపలికి మడిచి కుడుతుంది.

"కత్తిరించి పారేస్తే పీడా పోతుంది కదే. లోపల లావుగా ఉంటుంది" అంటుంది షాపు ఓనరమ్మ.

"రేపు మళ్ళీ వదులు చెయ్యమని వస్తే ఎక్కణ్ణుంచి తెచ్చి అతికించను?" అంటుంది అక్క.

ఈ పట్టింపు చెల్లెల్ని పెంచడంలో అబ్బింది. తల్లి పోయేనాటికి చెల్లెలికి మాటలు కూడా సరిగ్గా రాలేదు. అక్కకు పదేళ్ళు. తండ్రి సరుకు లారీ తోలుతూ ఎప్పుడో ఒకప్పుడు ఇంటికి వచ్చి, నిద్రపోయి, వెళ్ళిపోయేవాడు. ఆ ఇంట్లో ఏ వస్తువైనా పై నుంచి కిందికే దిగేది. తల్లి కోటు అక్కకు, అక్క గౌను చెల్లెలికి, అక్క బూట్లు ముందు కాస్త దూది కుక్కి చెల్లెలికి. గౌన్లను మడిచి కుట్టిందీ ఆ పదేళ్ళ చేతులే. చెల్లెలు ఎదిగినప్పుడల్లా ఒక మడత విప్పేది. విప్పిన చోట ఎండ తగలని గుడ్డ ముదురు రంగులో గీతలా కనిపించేది. ఆ గీతలు చూసి, ఏ ఏడు పిల్ల ఎంత పొడుగు సాగిందో చెప్పేయొచ్చు.

చెల్లెలు మహా గడుసుది, కానీ ఒక విషయంలో మాత్రం అక్క దగ్గర దొరికిపోయేది. బజారులో అద్దాల వెనక కొత్త బూట్లో, బొమ్మో చూసి, అక్క దగ్గర అంత లేదని తెలిసి, "నాకొద్దు. ఏం బాగోలేదు" అనేది. అంటూనే గౌను చివరి బొత్తాన్ని మెలిపెట్టేది. నిజంగా వద్దనుకున్నప్పుడు బొత్తం జోలికి పోయేది కాదు. దారం తెగేదాకా మెలిపెట్టిందంటే ప్రాణం అక్కడే ఉందని అర్థం. ఆ ఇంట్లో ఆ చివరి బొత్తం కుట్టినన్నిసార్లు ఇంకేదీ కుట్టలేదు అక్క.

అక్క చెల్లెల్ని బుల్లి అని పిలిచేది. ఇప్పుడా బుల్లి సిటీ బస్సు డ్రైవరు. రెండు బస్సుల్ని మధ్యలో కలిపి కుట్టినట్టుండే పొడుగాటి బస్సును సందుల్లోంచి దారం ఎక్కించినట్టు తిప్పుకొస్తుంది. నీలం యూనిఫాం కోటు, నెత్తిన టోపీ. ఎంత పెద్ద బస్సెక్కినా అక్కకు బుల్లే.

ఇక అక్క వేళ్ళ సంగతి. ఇరవైల్లోనే కీళ్ళ వాపు పట్టుకుంది. పొద్దున్న లేచేసరికి వేళ్ళు బిగుసుకుపోయి కప్పు చెవిలో దూరేవి కావు. సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే ఇత్తడి తొడుగులు ఆవిడ దగ్గర మూడు సైజులున్నాయి. చిన్నది పట్టిన రోజు మంచిరోజు, పెద్దది కూడా పట్టని రోజు ఎవరితోనూ మాట్లాడదు. పెద్దాసుపత్రి డాక్టరు మాత్రలు రాసిచ్చాడు, వేసుకుంటోంది. రెండేళ్ళుగా నెలసరి ఒక నెల వచ్చి, రెండు నెలలు మొహం చాటేస్తుంటే, అది ఆ మాత్రల వల్లే అనుకుంది. ఒక నేరం బాయిలర్ మీదికి, ఇంకో నేరం మాత్రల మీదికి తోసేసి నిశ్చింతగా కూర్చుంది. బిడ్డను కనాలని లేక కాదు. వాపు కాస్త తగ్గనీ, ఇంకో గది ఉన్న ఇల్లు దొరకనీ, ఆ తర్వాత చూద్దాం అని మొగుడూ పెళ్ళాం ఏటికేడు వాయిదా వేస్తూ వచ్చారు. కాలం తమ కోసం గుమ్మంలో నిలబడి ఉంటుందనుకున్నారు, మనందరిలాగే.

ఆ చలికాలంలో బాయిలర్ చెడిపోయింది. కావలసిన భాగం ఎక్కణ్ణుంచో రావాలన్నారు, వారమైనా రాలేదు. షాపు గడ్డకట్టుకుపోయింది. మాట్లాడితే నోట్లోంచి పొగ వస్తోంది. ఓనరమ్మ కస్టమర్లు మర్చిపోయిన కోట్లు రెండు ఒకదానిమీద ఒకటి వేసుకుని గల్లాపెట్టె దగ్గర ముడుచుకు కూర్చుంది. వెనకగదిలోకి వచ్చి చూస్తే అక్క స్వెటర్ తీసి కుర్చీకి తగిలించి, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, చెమట తుడుచుకుంటోంది.

ఓనరమ్మకు యాభై దాటాయి. ఈ సెగలు, ఈ చెమటలు ఆవిడకు కొట్టిన పిండి. రెండేళ్ళు రసీదు పుస్తకంతో విసురుకుంటూ గడిపిన మనిషి.

"ఎన్నాళ్ళనుంచే ఇలా?"

"ఈ బాయిలర్‌తో ఎప్పుడూ ఇంతేగా" అంది అక్క అలవాటుగా.

"బాయిలర్ చచ్చి వారమైందమ్మా."

అక్క చేతిలో ఉన్న రుమాలు అలాగే ఆగిపోయింది. బాయిలర్ వైపు చూసింది. అది నల్లగా, చల్లగా, ఏ పాపం ఎరగనట్టు మూల నిలబడి ఉంది.

"నాకొచ్చాయంటే అర్థముంది. నీకెందుకొచ్చాయే?" అంది ఓనరమ్మ. ఆ గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు.

*

డాక్టరమ్మ నాన్చే రకం కాదు. రక్తపరీక్షలు, స్కానింగు అన్నీ అయ్యాక కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పింది.

"మీ ఒంట్లో కాపలా కాయాల్సినవాళ్ళే ఇంటిమీద పడ్డారు. ముందు కీళ్ళ మీద పడ్డారు, అది మీకు తెలిసింది, ఎందుకంటే నొప్పి పుట్టింది. అండాశయాలు నొప్పి పుట్టి చెప్పవు. చప్పుడు లేకుండా ముసలివైపోతాయి. మీకు ముప్పై అయిదు, వాటికి యాభై దాటినట్టే."

"వాపు వల్లేనా?"

"వాపే చేసిందని ఒట్టేసి చెప్పలేను. ఏళ్ళ తరబడి ఆరని వాపు ఒంటిని త్వరగా ముసలిదాన్ని చేస్తుంది, అది నిజం. రెండూ ఒకే వేరు నుంచి వచ్చినవి కావచ్చు. కొంతమందికి రక్తసంబంధంలో కూడా ఉంటుంది."

"ముందే వచ్చి ఉంటే?"

డాక్టరమ్మ కాగితాలు సర్దింది. "రెండేళ్ళ క్రితం వచ్చి ఉంటే చెయ్యడానికి ఏదో ఒకటి ఉండేది" అంది. "గర్భసంచి బాగానే ఉంది. మందులు మార్చుకుని బిడ్డను మొయ్యవచ్చు. అండం మాత్రం వేరేవాళ్ళు ఇవ్వాలి. తోడబుట్టినవాళ్ళున్నారా?" అని అడిగింది.

అక్క ఇంటికి నడిచే వెళ్ళింది. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి, ఎక్కలేదు. రెండేళ్ళు! బాయిలర్‌ను తిట్టుకుంటూ కూర్చున్న రెండేళ్ళు!

ఆవిడ మొగుడు లిఫ్టులు బాగుచేస్తాడు. బుల్లి ఆయన్ని లిఫ్టు బావ అంటుంది. మంచి మనిషి, కానీ కష్టం వస్తే ఆయనకు నోట్లోంచి లిఫ్టు తప్ప ఇంకేం రాదు. అంతా విని, చాలాసేపు గోళ్ళలోని నూనె మరకలు చూసుకుని, "లిఫ్టు ఆగిపోతే మెట్లుంటాయి కదోయ్" అన్నాడు. "ఎవరినన్నా తెచ్చి పెంచుకుందాం."

"పెంచడం నాకు కొత్తా? నా గౌను సరిగ్గా తొడుక్కోవడం రాకముందే ఒకదాన్ని పెంచాను" అంది అక్క. "నాకు మొయ్యాలనుంది. కడుపులో అది కాలు జాడిస్తే తెలియాలనుంది. పిచ్చనుకో, ఏదైనా అనుకో."

ఆయన ఇంకేమీ అనుకోలేదు. లేచి టీ పెట్టాడు, చక్కెర వెయ్యడం మర్చిపోయాడు, ఇద్దరూ అది గమనించకుండానే తాగేశారు.

ఆ తర్వాత ఎదుట ఏ చిన్నబట్ట పడినా అక్క చేతులు ఆగిపోయేవి. ఒకరోజు ఎవరో మూడేళ్ళ పిల్ల కోటు తెచ్చారు, చేతులు పొట్టి చెయ్యమని. అక్క ఆ కోటు చేతిలోకి తన చెయ్యి దూర్చి చూసింది. మణికట్టు దాకా కూడా వెళ్ళలేదు. ఆ లోపలి గుడ్డ మెత్తగా, కాస్త బిస్కెట్టు వాసనతో, ఎవరిదో ఒక బిడ్డ ఒంటి వెచ్చదనం అందులో ఇంకా మిగిలి ఉన్నట్టుంది. అంతే, అక్కకు ఏడుపు ముంచుకొచ్చింది. తన ఒంటిమీద తనకు కోపం వచ్చింది, ఆ కోటు తెచ్చిన తల్లిమీద అసూయ పుట్టింది, అసూయ పుట్టినందుకు సిగ్గేసింది. ఓనరమ్మ తెర పక్కకు జరిపి చూసి, మళ్ళీ మూసేసి, బయట కస్టమరుతో "రేపు రండి, ఇవాళ మిషను బాలేదు" అని అబద్ధమాడింది.

*

అడగాలి. బుల్లిని అడగాలి. కానీ ఎలా అడుగుతారు ఇలాంటిది? అంత ఉప్పు ఉంటే ఇమ్మని అడిగినట్టా? ఇంటికి పిలిచి అడిగితే కాదనలేని ఇరకాటంలో పెట్టినట్టవుతుంది. ఫోనులో అడిగితే మనిషి మొహం కనపడదు. చివరికి ఒక మధ్యాహ్నం షాపు నుంచి తొందరగా బయటపడి, బుల్లి నడిపే బస్సే ఎక్కి, సరిగ్గా డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది.

బుల్లి అద్దంలో చూసి కనుబొమలు ఎగరేసింది. అక్క నవ్వింది. బస్సు కదిలింది.

అక్కడ డ్రైవరు తలమీద ఒక బోర్డుంది: బస్సు నడుస్తుండగా డ్రైవరుతో మాట్లాడరాదు. అక్క ఆ బోర్డు చదువుకుంది. మహా మంచి బోర్డు అనిపించింది. స్టాపు వచ్చినప్పుడల్లా, ఇప్పుడు అడుగుతాను అని గొంతు సవరించుకోవడం, ఎవరో ఒక ముసలాయన ఎక్కుతూ బుల్లితో వాతావరణం గురించి మొదలెట్టడం, తలుపులు మూసుకోవడం, బోర్డు మళ్ళీ అడ్డం రావడం. మార్కెట్ దాటింది, స్టేడియం దాటింది, అక్క దిగాల్సిన స్టాపు ఎప్పుడో దాటింది. బుల్లి ఆగినప్పుడల్లా స్టీరింగు వదిలి రెండు చేతుల వేళ్ళూ చాచి ముడుస్తోంది, చాచి ముడుస్తోంది. పాపం, చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి, వీళ్ళకు మంచి చేతితొడుగులైనా ఇవ్వరు అనుకుంది అక్క.

చివరి స్టాపులో అందరూ దిగిపోయారు. బుల్లి ఇంజను ఆపి, టోపీ తీసి, సీట్లో వెనక్కి తిరిగింది.

"ఊరంతా చూసొచ్చావు. ఇప్పటికైనా అడుగుతావా, తిరుగు ట్రిప్పులో కూడా నీళ్ళు నములుతావా?"

అక్క మళ్ళీ ఆ బోర్డు వైపు చూసింది.

"బావ చెప్పేశాడు" అంది బుల్లి. "వారమైంది. అక్క ఇవాళ అడుగుతుంది, రేపు అడుగుతుంది అని చూస్తున్నాను. నాకు కోపం వచ్చింది తెలుసా? నన్నడగడానికి నీకు మొహమాటమా?"

"అది గౌను కాదు కదే, బూట్లూ కాదు."

"గౌన్లు, బూట్లు, పుస్తకాల సంచీ, నీ వంతు గుడ్డుతో సహా నాకే పెట్టావు. మనింట్లో అన్నీ పై నుంచి కిందికే దిగాయి. ఒక్కటి కింది నుంచి పైకి ఎక్కనీ. నేను పెళ్ళీ గిళ్ళీ అనుకున్నదాన్ని కాదు, పిల్లల ఊసే లేదు నాకు. బస్సునిండా ఎంతమంది పిల్లలు! రోజూ చెవులు గింగురుమంటుంటాయి."

అక్క లేచి సీటు మీదుగా వంగి చెల్లెలి తల గట్టిగా పట్టుకుని ముద్దు పెట్టుకుంది. కిందనుంచి ఎవరో తలుపు తట్టి బస్సు ఎప్పుడు బయల్దేరుతుందని అడుగుతున్నారు. "కుటుంబ సమస్యండీ, అయిపోవచ్చింది" అని అరిచింది బుల్లి.

ఆ తర్వాతి రోజులు అక్క జీవితంలో అన్నిటికంటే మంచివని చెప్పాలి. బుల్లికి చేసిన పరీక్షల ఫలితాలు రావడానికి టైము పడుతుందన్నారు. పడనీ. చిన్న తొడుగు పట్టని రోజు కూడా కూనిరాగం తీసింది. మెత్తటి తెల్లగుడ్డ కొంచెం తెచ్చుకుని, మధ్యాహ్నం అన్నం తినే టైములో ఒక చిన్న చొక్కా కుట్టింది. కొత్తబట్ట కుట్టని మనిషి కుట్టిన మొదటి కొత్తబట్ట అది. పక్కల్లో, కింద, చేతుల్లో గుడ్డ ఎంత వదిలిందంటే, ఆ చొక్కా వేసుకున్న బిడ్డ బడికి వెళ్ళేదాకా దాన్ని పెంచుకుంటూ పోవచ్చు. మొగుడు చూసి, "లోపల ఇంకో చొక్కా ఉన్నట్టుంది కదోయ్" అన్నాడు. ఆశ పెట్టుకోవద్దని చెప్పాలని ఆయనకు నోటిదాకా వచ్చింది. కానీ ఆమె మొహం చూశాక చెప్పలేకపోయాడు.

*

ఫలితాల రోజు అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ వెళ్ళారు. బుల్లి డ్యూటీ మధ్యలో వచ్చింది, యూనిఫాం మీదే. డాక్టరమ్మ ఈసారి కుర్చీ దగ్గరికి లాక్కున్నది అక్క వైపు కాదు, బుల్లి వైపు.

"పొద్దున్నే వేళ్ళు బిగుసుకుంటున్నాయా మీకు?"

"చలికాలం కదండీ" అంది బుల్లి. "స్టీరింగు ఐసుగడ్డలా ఉంటుంది."

"వేసవిలో?"

బుల్లి చేతులు కోటు జేబుల్లో దూర్చుకుంది. అక్కకు ఆ రోజు బస్సు గుర్తొచ్చింది. ఆ వేళ్ళు చాచి ముడవడం తన కళ్ళతో తను చూసింది. చూసి చలి మీదికి తోసేసింది. బాయిలర్ పోయి చలి వచ్చింది, అంతే తేడా. అదే తప్పు, అదే మనిషి, రెండోసారి.

డాక్టరమ్మ చెప్పుకుపోయింది. బుల్లికి కూడా అదే వాపు మొదలవుతోంది. మొదట్లోనే దొరికింది కాబట్టి కీళ్ళను కాపాడుకోవచ్చు. అండాల నిల్వ మాత్రం ఇరవై ఎనిమిదేళ్ళకు ఉండాల్సిన దాంట్లో చాలా తక్కువ, అదీ తగ్గుతోంది. ఎప్పటికైనా తనకంటూ బిడ్డ కావాలనుకుంటే, ఇప్పుడే కొన్ని తీయించి దాచుకోవాలి. "రెండు మూడేళ్ళ తర్వాత వస్తే మీ అక్కకు చెప్పిందే మీకూ చెప్పాల్సి వస్తుంది. ఇంకొకరికి ఇచ్చేంత ఇందులో లేదు. నన్నడిగితే ఇవ్వొద్దనే చెప్తాను. కానీ అవి మీవి, నిర్ణయం మీది."

వరండాలో నీళ్ళ యంత్రం పక్కన ఇద్దరూ నిలబడ్డారు. ముందుగా బుల్లే అంది.

"నా మాట మారదు. తీయించేది ఎలాగూ తీయిస్తారు. తీసినవి నీకు. నాకొద్దు."

ఇక్కడ అక్కను గొప్ప త్యాగమూర్తి అనుకుంటారేమో, అలాంటిదేం లేదు. ఆ క్షణంలో ఆవిడ లోపల ఒకటే మాట గింజుకుంది: తీసేసుకో. అది ఇస్తానంటోంది, డాక్టరు దాని ఇష్టమంది, ఎవరూ నిన్ను తప్పుపట్టరు, తీసేసుకో. తెల్లచొక్కా కళ్ళముందు కదిలింది. చొక్కాలోంచి చిన్న చెయ్యి కూడా బయటికొచ్చింది. ఊ అనడానికి ఊపిరి కూడా పీల్చుకుంది.

"నిజంగానే వద్దా బుల్లీ?" అని అడిగింది.

"అబ్బా, వద్దని చెప్పానా లేదా? ఏడుపులూ, లాలలూ, ఎవరిక్కావాలి? నాకొద్దు."

అక్క కళ్ళు కిందికి దిగాయి. నీలం యూనిఫాం కోటు చివరి బొత్తం బుల్లి వేళ్ళ మధ్య మెలికలు తిరుగుతోంది. దారం సగం తెగిపోయింది. ఇంకో మెలిక తిరిగితే ఊడి చేతిలోకి వస్తుంది. ఆ వేళ్ళకు తను ఏం చేస్తున్నదీ తెలియదు. చిన్నప్పుడూ తెలిసేది కాదు.

అక్క చెయ్యి చాచి ఆ వేళ్ళను పట్టుకుంది. బొత్తం ఆగింది.

"నీ మొహం" అంది. "నీకు వద్దని చెప్పడం ఎప్పుడొచ్చిందే?"

బుల్లి కిందికి చూసుకుంది, బొత్తం చూసుకుంది. ఇంత పెద్ద బస్సు నడిపే మనిషి వరండాలో అందరి మధ్యా చిన్నపిల్లలా ఏడ్చేసింది. "ఇవాళ్టిదాకా నాకే తెలీదక్కా" అంది. "డాక్టరమ్మ ఇక మిగలవని చెప్పాక కావాలనిపించింది. నేనేం చెయ్యను?"

"ఏం చెయ్యక్కర్లేదు. దాచుకో."

"మరి నువ్వు?"

అక్క సంచీలోంచి సూదీ దారం తీసింది. అవి లేకుండా ఎక్కడికీ వెళ్ళదు. వరండాలోనే బుల్లిని నిలబెట్టి, వాచిన వేళ్ళతో దారం ఎక్కించడానికి తంటాలు పడి, ఆ బొత్తాన్ని గట్టిగా కుట్టింది. అటుగా పోతున్న నర్సు ఆగి చూసి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం తెల్లచొక్కా మడిచి అల్మారాలో తల్లి కోటు పక్కన పెట్టింది. కుట్లు విప్పలేదు. మొగుడు అది చూశాడు. లిఫ్టుల గురించి ఏదో అనబోయి, ఎన్నడూ లేనిది, మాట మింగేసి పక్కన కూర్చున్నాడు.

*

అండాలు తీయడానికి ముందు కొన్నాళ్ళు రోజూ సాయంత్రం పొట్టమీద సూదిమందు వేసుకోవాలి. నర్సు నేర్పిస్తానంటే బుల్లి మొహం తిప్పేసుకుంది. అంత రద్దీలో బస్సు నడుపుతుంది కానీ సూదిని చూస్తే కళ్ళు తిరుగుతాయి. "మా అక్క వేస్తుంది. ఆవిడ బతుకంతా సూదితోనే కదా" అంది. అక్క నేర్చుకుంది.

డ్యూటీ దిగి బుల్లి నేరుగా అక్క వంటగదికి వచ్చేది. స్టూలు మీద కూర్చుని, చొక్కా పైకి లాక్కుని, కిటికీ వైపు చూస్తూ ఆ రోజు బస్సులో జరిగిన రాద్ధాంతాలన్నీ చెప్పేది. అక్క చేతులు కడుక్కుని, మందు లెక్కగా ఎక్కించి, గాలిబుడగ పోయేదాకా గొట్టాన్ని గోటితో తట్టేది. ప్రతిరోజూ ఆ పొట్ట ముందు మోకాళ్ళమీద కూర్చునేది. తనకు కావలసింది ఆ చర్మానికి అవతలే ఉంది, జానెడు దూరంలో. దాన్ని తన చేత్తోనే పెంచుతోంది, తనది కాకుండా ఉండడానికి.

చివరి సూది రోజు బుల్లి బస్సు కబుర్లు చెప్పలేదు. కిటికీ వైపూ చూడలేదు.

"అక్కా, ఇప్పటికైనా ఊ అను. ఎల్లుండి తీస్తారు, ఇంకా టైముంది. ఎన్ని వస్తే అన్ని, సగం నీకు, సగం నాకు."

"సూది చేతిలో ఉన్నప్పుడు మాట్లాడించకే."

"ఆ రోజు బోర్డు అడ్డమొచ్చింది, ఇవాళ సూది అడ్డమొచ్చిందా?"

అక్కకు నవ్వొచ్చింది. నవ్వుతూనే సూదిని పళ్ళెంలో పెట్టేసి, నేలమీద చతికిలబడింది. కాసేపు చెల్లెలి మోకాలికి తల ఆనించి కూర్చుంది.

"నాకు కావాలనే ఉందే బుల్లీ" అంది. "మనసు మార్చుకున్నాననుకోకు. నిన్న కావాలనుంది, ఇవాళా ఉంది, నాకు అరవై వచ్చినా ఉంటుంది. నువ్వు అడిగిన ప్రతిసారీ లోపల అది లేచి కూర్చుంటుంది. అందుకే నన్నడక్కు. ఇంకొక్కసారి అడిగావంటే ఊ అనేస్తాను. నిజంగా అనేస్తాను."

బుల్లి నోరు తెరిచింది. అక్క తలెత్తి చెల్లెలి మొహంలోకి చూసింది. ఎదురుచూసింది కూడా. ఆ మాట మనమెందుకు దాచాలి?

బుల్లి నోరు మూసుకుంది. అడగలేదు.

అక్క లేచి మళ్ళీ చేతులు కడుక్కుంది. చెల్లెలి పొట్టమీద చర్మాన్ని రెండు వేళ్ళతో మడిచి పట్టుకుని, "ఊపిరి పీల్చుకో" అని, నొప్పి తెలియకుండా సూది దించింది.